మిరపాకులో ఒక్క గీత

మా మేనత్త ఆ ఆదివారం చర్చిలో ఆరాధన అయిపోగానే ఇంటికి కూడా పోకుండా బస్సెక్కి హనుమకొండ వచ్చింది. ఒంటి మీద తెల్లచీర, చేతిలో బైబిలు సంచి. సంచిలో బైబిలుతో పాటు తడి తువ్వాలలో చుట్టిన మిరప ఆకులున్నాయి. మంచం మీద తువ్వాల విప్పి, ఆకులు పరిచి, నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది.

"నా తోట తీరు మంచిగ లేదు బిడ్డా. చెట్టు ఏపుగనే ఉన్నది. కాయనే వేరే తీరు కాస్తాంది. పక్క చేన్ల గదే విత్తనం, కాయ వేలంత పొడుగున్నది. నాది జూస్తే పొట్టిగ, లావుగ, బొటనవేలు తీరుగ ఉంటాంది."

అత్త మా నాన్నకు అక్క. వర్ధన్నపేట దాటి లోపలికి పోతే వచ్చే ఊళ్లో ఆమెకు రెండెకరాలుంది. మామయ్య పోయినప్పటి నుంచి సేద్యమంతా ఆమే చూసుకుంటోంది. తోటలో ఏ చెట్టుకు ఏమైందో నాకంటే పది రెట్లు ఎక్కువ తెలిసిన మనిషి. అలాంటి ఆమె ఆకులు పట్టుకుని నా దగ్గరికి రావడానికి కారణం నేను చేసే ఉద్యోగం. విత్తనాల డీఎన్ఏ పరీక్షలు చేసే ల్యాబులో టెక్నీషియన్‌ని. కంపెనీల వాళ్లు, శాఖల వాళ్లు పంపిన విత్తనాలు చెప్పిన రకమేనా కాదా అని చూసి చెప్పడం మా పని. నేను ఆకు నూరి ఏదో చూస్తానని అత్తకు తెలుసు. "నీ మిషన్ల పెట్టి చూడు" అని మాత్రం అంది.

మా ల్యాబు పెద్ద సారును అడిగాను. ఆయన ఇంకో ఏడాదిలో రిటైరయ్యే మనిషి, కోపం వచ్చినా గొంతు పెంచడు. మిగిలిన రసాయనాలతో చేసుకోమన్నాడు. కానీ కాగితం మీద ఒక్క ముక్క కూడా రాసివ్వడానికి వీల్లేదని, ఆ సంగతి ఆమెకు ముందే చెప్పమని అన్నాడు. నేను చెప్పాను. అత్త తలూపింది. కాగితం గురించి ఆ రోజు మా ఇద్దరిలో ఎవరమూ పెద్దగా ఆలోచించలేదు.

అత్త పన్నెండు చెట్ల నుంచి ఆకులు తెచ్చింది. ఏ చెట్టు ఆకు ఆ చెట్టుది అని దారంతో విడివిడిగా కట్టింది. ఒక్కో ఆకు ముక్కను రోట్లో నూరి, ఉప్పు, సబ్బు లాంటి మందు కలిపిన ద్రావణంలో వేసి, వేడినీళ్లలో గంటసేపు ఉంచాను. తర్వాత క్లోరోఫామ్ కలిపి గిర్రున తిప్పే యంత్రంలో పెడితే ఆకుపచ్చదంతా కిందికి దిగి, పైన తేట నీళ్లు తేలతాయి. ఆ తేట తీసి చల్లని ఆల్కహాల్ పోసి గొట్టాన్ని మెల్లగా అటూ ఇటూ వంపితే, తెల్లటి పోగులు కనబడతాయి. అదే డీఎన్ఏ. వందలసార్లు చేసిన పనే. ఆ రోజు మాత్రం ఆ పోగులు అత్త చేతి మట్టిలోంచి వచ్చినవన్న ఆలోచన పోలేదు.

మాకు ఆ పోగులన్నీ అక్కర్లేదు. అందులో ఒక చిన్న ముక్క చాలు. తల్లి రకంలో ఆ ముక్క ఒక పొడుగు ఉంటుంది, తండ్రి రకంలో ఇంకో పొడుగు. పీసీఆర్ యంత్రం దాన్ని వేడి చేసి, చల్లార్చి, మళ్లీ వేడి చేసి, ఆ ఒక్క ముక్కనే లక్షల నకళ్లు తీస్తుంది. ఆ నకళ్లను గంజిలా గడ్డకట్టిన పలకలో ఒక చివర గుంటల్లో పోసి కరెంటు పెడతాం. పొట్టి ముక్కలు త్వరగా పరుగెత్తుతాయి, పొడుగువి వెనకబడతాయి. చివర్న నీలి వెలుగు పెట్టెలో చూస్తే ఎర్రగా గీతలు మెరుస్తాయి. హైబ్రిడ్ మొక్కకు రెండు గీతలుండాలి. ఒకటి తల్లిది, ఒకటి తండ్రిది.

హైబ్రిడ్ విత్తనం చేతులతో చేసే పని. తల్లి చెట్టు పువ్వు విచ్చకముందే అందులో పుప్పొడి తిత్తులు తీసేసి, తండ్రి రకం పుప్పొడి అద్దాలి. ఎక్కడో ఒక కూలీ చెయ్యి తప్పి ఆ తిత్తులు మిగిలిపోతే, తల్లి పువ్వు తనకు తానే కాయ కడుతుంది. ఆ విత్తనం కూడా మిగతా విత్తనాల్లాగే పసుప్పచ్చగా, చదునుగా ఉంటుంది. కళ్లతో చూసి చెప్పేవాడు లేడు.

అత్త పన్నెండు చెట్లలో మూడింటికి రెండు గీతలొచ్చాయి. తొమ్మిదింటికి ఒక్కటే వచ్చింది. పలక తప్పేమోనని మరుసటి రోజు మళ్లీ చేశాను. అవే తొమ్మిది, అదే ఒక్క గీత. తల్లి గీత.

శనివారం ఊరికి పోయాను. నేను పోయేసరికి అత్త చేను గట్టు మీద పక్క చేను రైతుతో మాట్లాడుతోంది. ఆమె ఆయన్ని తమ్ముడని పిలుస్తుంది. బోరులో ఇంకా నీళ్లున్నాయి, తోట పీకేసి మక్కజొన్న పెట్టుకుంటే పంట చేతికొస్తుందని ఆయన చెబుతున్నాడు. అత్త కూడా దాదాపు ఒప్పుకున్నట్టే ఉంది. ఎన్ని కిలోల మక్క విత్తనం కావాలో అడుగుతోంది. సరిగ్గా అప్పుడే నేను ఫోను తీసి ల్యాబు పలక ఫొటో చూపించాను.

అత్తకు విప్పి చెప్పడానికి నిమిషం కూడా పట్టలేదు. రెండు గీతలున్న చోట వేలు పెట్టింది, ఒక్క గీత ఉన్న చోట వేలు పెట్టింది.

"అంటే కంపెనోళ్లు నాకిచ్చింది ఉత్త తల్లి ఇత్తనమా?"

"చాలావరకు అదే అత్తా."

ఆమె పక్కాయన వైపు తిరిగి, ఇప్పుడు పీకితే ఆఫీసర్లకు ఏం చూపెట్టాలని అడిగింది. ఆయన నా వైపు చూశాడు, చదువుకున్నదాన్ని కదా, నేను చెప్పాలన్నట్టు. నేను చెప్పాను. తోట ఉంచమని, ఫిర్యాదు చేద్దామని, చేను చూస్తే చాలు ఎవరికైనా తెలిసిపోతుందని చెప్పాను. ఆ మాట ఎవరూ నాతో బలవంతంగా అనిపించలేదు.

వ్యవసాయ శాఖకు ఫిర్యాదు నేనే రాసిచ్చాను. అత్త దగ్గర షాపు బిల్లు ఉంది, ఖాళీ కవర్లు కూడా దాచింది. వారంలో ఒక ఆఫీసరొచ్చి చూశాడు. మంచి మనిషి. బూట్లకు బురద అంటుతున్నా తోట నాలుగు మూలలూ తిరిగాడు, ఫొటోలు తీశాడు. శాస్త్రవేత్తలతో కమిటీ వస్తుందని, వాళ్లు వచ్చేదాకా తోట ముట్టుకోవద్దని చెప్పి వెళ్లాడు.

కమిటీ రావడానికి తేదీ పెట్టారు. అది వాయిదా పడింది. ఇంకో తేదీ పెట్టారు. అదీ వెనక్కి జరిగింది. ఎవరి తప్పూ కాదు. అప్పుడు చుట్టుపక్కల మండలాలన్నిట్లోనూ తోటలకు పురుగు పడింది, వాళ్లకు చూడాల్సిన చేన్లు చాలా ఉన్నాయి. అత్త మాత్రం పనికిరాని ఆ తోటకు మంచి తోటకు చేసినట్టే నీళ్లు పెట్టింది, మందు కొట్టించింది. ఎందుకంటే వాళ్లు వచ్చేసరికి చెట్లు చచ్చిపోతే సాక్ష్యం ఉండదు. కాయలు పండి ఎర్రబడ్డాయి. తెంపితే కాయ ఎలా ఉందో కనబడదని తెంపలేదు. అవి చెట్టు మీదే ఎండి, గాలికి కింద రాలిపోయాయి.

క్రిస్మస్‌కు నేనూ నాన్నా ఆ ఊరు పోయాం. ప్రార్థన అయ్యాక అత్త చర్చి అయ్యగారితో తోట దగ్గర కూడా ప్రార్థన చేయించింది. ఆయన గట్టు మీద నిలబడి, కళ్లు మూసుకుని, అధికారుల మనసులు కదిలించమని దేవుణ్ని అడిగాడు. నేనూ కళ్లు మూసుకున్నాను. కాళ్ల కింద ఎండుకాయలు పటపటమంటున్నాయి. పక్క చేనులో ఆడవాళ్లు వరుసగా కూర్చుని కాయ తెంపుతూ మమ్మల్నే చూస్తున్నారు.

కొత్త సంవత్సరం వచ్చాక కమిటీ వచ్చింది. నేను సెలవు పెట్టి పోయాను. వాళ్లు కాయలు కొలిచారు, చెట్ల ఎత్తు రాసుకున్నారు. కాయ ఆ రకం లక్షణాలతో లేదని వాళ్లకూ కనబడింది, పైకే అన్నారు. అప్పుడు వాళ్లలో ఒక పెద్దావిడ నారు ఎక్కడ పోసుకున్నావని అడిగింది. ఇంటి పెరట్లో అని అత్త చెప్పింది. ఈ ప్యాకెట్లలోని విత్తనమే పోసినట్టు చూసినవాళ్లు ఎవరైనా ఉన్నారా అని ఆవిడ అడిగింది.

"నేనే ఇత్తనం అలికిన మేడం. పెరట్ల నారు పోసుకుంటే ఎవలు జూస్తరు?"

ఆవిడ ఎగతాళిగా అడగలేదు. అత్త చెప్పింది నమ్మినట్టే ఉంది. కానీ చేనులో ఉన్న చెట్టు ఆ కవరులోంచే మొలిచిందని రుజువు లేదు కాబట్టి, చేనులోని ఆకు మీద పరీక్ష నిలవదట. అదే లాటు నంబరుతో, అంటే అదే విడతలో వచ్చి, షాపులో మిగిలిన ప్యాకెట్లు సీలు పగలకుండా దొరికితే, వాటినే పరీక్షకు పంపాలి. అత్త తరఫున, కంపెనీ తరఫున మనుషులు చూస్తుండగా రెండు ప్యాకెట్లు తీసి, గుడ్డ సంచిలో పెట్టి, లక్క సీలు వేశారు. అత్త వేలిముద్ర కాదని, సంతకమే పెడతానని, పేరు మెల్లగా రాసింది.

నాలుగు రోజులకు ఆ సంచి మా ల్యాబుకు వచ్చింది. పైన పేరు లేదు, ఊరు లేదు, ఒక నంబరు మాత్రమే ఉంది. కానీ గుడ్డనూ ముడినీ చూడగానే పోల్చుకున్నాను. సారు దగ్గరికి పోయి, ఇది మా అత్త కేసు, నేను చేయకూడదు అని చెప్పాను. నాతో పాటు పనిచేసే అమ్మాయి ప్రసూతి సెలవులో ఉంది. మిరప పరీక్ష తెలిసినవాళ్లు ఇంకెవరూ లేరు. సారు కాసేపు ఆలోచించి, పని నువ్వే చెయ్, ప్రతి మెట్టు దగ్గరా నేను పక్కన కూర్చుంటాను, గీతలు నేను చదువుతాను అన్నాడు. చెప్పినట్టే కూర్చున్నాడు.

విత్తనాలు ట్రేలో పోశాను. మొలకెత్తడానికి పది రోజులు పట్టింది. పొద్దున రాగానే మొదట ఆ ట్రే దగ్గరికే పోయేదాన్ని. రెండేసి ఆకులతో అన్నీ ఒక్కలాగే ఉన్నాయి. వాటిలో తల్లి మాత్రమే ఉన్నవి ఏవో కనిపెట్టడానికి వంగి వంగి చూసేదాన్ని, కళ్లకు కనబడదని తెలిసి కూడా. ఒకరకంగా ఆ మొలకలు చెడ్డవి కావాలని కోరుకున్నాను. విత్తనం చెడ్డది కావాలని కోరుకోవడం మా పనిలో మహాపాపం. అయినా కోరుకున్నాను.

ఆకులు నూరిన రోజు, గొట్టాలు పెట్టడానికి ఫ్రీజరు తెరిచాను. కింది అరలో అత్త తోట డీఎన్ఏ అలాగే ఉంది. పన్నెండు చిన్న గొట్టాలు, మూతల మీద నా చేతిరాత. సారు ఫోను వచ్చి బయట వరండాలో ఉన్నాడు. ఈ గొట్టాల్లోది పారబోసి, ఆ గొట్టాల్లోంచి ఒక్కో చుక్క వేస్తే ఎవరికీ తెలిసేది కాదు. నా చెయ్యి ఆ అర దాకా పోయింది. ఎంతసేపు అలా నిలబడ్డానో చెప్పలేను, ఫ్రీజరు తలుపు తెరిచి ఉందని అలారం మోగేదాకా. చెయ్యి వెనక్కి తీసుకున్నాను. మంచితనం వల్ల తీసుకున్నానని చెప్పుకోను. భయపడ్డాను.

పలక నీలి వెలుగులో పెట్టినప్పుడు సారు కళ్లద్దాలు సవరించుకుని వంగాడు. ప్రతి గుంట కిందా రెండు గీతలు. ఒక్క గుంటలో మాత్రం మసకగా ఉంది. నేను వెంటనే అది ఒక్క గీతే సార్ అన్నాను. ఆయన నా ముఖం చూశాడు. దాన్ని మళ్లీ చేయమన్నాడు. మళ్లీ చేస్తే రెండు గీతలు కత్తితో గీసినట్టు వచ్చాయి. ఆ సంచిలోని విత్తనం అచ్చమైన హైబ్రిడ్.

అత్త ఆకుల పరీక్ష సంగతి కూడా రిపోర్టులో ఒక వాక్యం రాయవచ్చా అని అడిగాను.

"ఆ ఆకులు ఎవరు తెంపిన్రమ్మా? ఎవరు సీలేసిన్రు?" అన్నాడు సారు. "నాకు తెలుసు, నీకు తెలుసు. కాగితానికి తెలువదు. వచ్చింది వచ్చినట్టు రాయాలె."

రాశాను. పరీక్ష చేసినవారు అన్న చోట నా సంతకం, సరిచూసినవారు అన్న చోట ఆయన సంతకం.

రిపోర్టు శాఖకు పోయి, అక్కడి నుంచి అత్తకు ఉత్తరం రావడానికి పది రోజులైంది. అప్పటిదాకా నేను ఎవరికీ చెప్పకూడదు. అత్త రోజూ మధ్యాహ్నం అన్నం తిన్నాక ఫోను చేసేది. ఏమన్నా తెలిసిందా అని అడిగేది. ఇంకా లేదత్తా అనేదాన్ని. సరే బిడ్డా, నీ పనిల నువ్వుండు అని పెట్టేసేది. మూడో రోజు నుంచి నేను అన్నం డబ్బా ఫోను వచ్చాకే విప్పడం మొదలుపెట్టాను. ఒక రోజు ఫోను ఎత్తలేదు. సాయంత్రం ఆమే మళ్లీ చేసి, ఆరోగ్యం బాగుందా, దవాఖానకు పోయినవా అని అడిగింది.

ఉత్తరం వచ్చిన రోజు ఇంగ్లీషులో ఉందని, నువ్వొచ్చి చదవమని పిలిచింది. పోయాను. ఇంటి ముందు అరుగు మీద కూర్చుని ఉంది. పక్క చేను ఆయన కూడా వచ్చి కూర్చున్నాడు. కాగితాలు నా చేతికిచ్చింది. చేనులో కాయ రకానికి తగ్గట్టు లేదన్నది నిజమే, కానీ అదే లాటు విత్తనం పరీక్షలో స్వచ్ఛమైనదని తేలింది, కాబట్టి తేడాకు కారణం నిర్ధారించలేకపోతున్నాం అని ఉంది. ఒక్కో వాక్యం తెలుగులో చెప్పాను. వెనక పేజీలో మా ల్యాబు రిపోర్టు ఉంది. అత్త దాన్ని తీసుకుని కిందికి చూసి, అక్కడ వేలు పెట్టింది.

"గిది నీ సంతకమే కదా?"

"నాదే అత్తా."

"నువ్వు ఫోన్ల చూపెట్టిన గీతలు అబద్ధమా?"

"కాదత్తా."

"మరి గీ కాగితం అబద్ధమా?"

"కాదు. అది కూడా నిజమే."

"రెండూ నిజమెట్లయితయి బిడ్డా?"

నేను జవాబు చెప్పబోయాను. ఒకే లాటులో ఒక సంచి ఒక పొలం నుంచి, ఇంకో సంచి ఇంకో పొలం నుంచి వచ్చి కలిసి ఉండొచ్చని, లేదా ఇంకేదైనా జరిగి ఉండొచ్చని చెప్పాలనుకున్నాను. చెప్తే అది నా ఊహే తప్ప దానికి గీత లేదు, పలక లేదు. పక్క చేను ఆయన లేచి, కండువా దులుపుకుని, పోయొస్తా అక్కా అని వెళ్లిపోయాడు. మక్క సంగతి ఆయన మళ్లీ ఎత్తలేదు. ఎత్తి ఉంటే బాగుండునని అప్పుడనిపించింది.

కోర్టుకు పోవచ్చని ఉత్తరం చివర్న ఉంది. అది కూడా చదివాను. అత్త వినలేదు. లోపలికి పోయి కంచంలో అన్నం పెట్టుకొచ్చి నా ముందు పెట్టింది. తిన్నాను. ఆమె తినకుండా నా ఎదురుగా కూర్చుని, మా ఇంట్లో వంట గ్యాసు ఎన్ని రోజులు వస్తోందో, నాన్న మోకాళ్లకు ఏం మందు వాడుతున్నాడో అడిగింది. నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే ఏదో ఒకటి చెప్పుకునేదాన్ని.

ఆ తర్వాతి ఆదివారం తోట పీకడానికి నేనూ పోయాను. అప్పటికి బోరు గంట కూడా పోయడం లేదు, మక్క పెట్టే అదును దాటిపోయింది. చెట్లు వేరుతో సహా పట్టి లాగితే సులువుగానే వస్తున్నాయి. కాయ ఘాటుకు చేతులు మండాయి. ల్యాబులో గ్లవ్స్ లేకుండా ఏదీ ముట్టుకోను, అక్కడ వట్టి చేతులతోనే లాగాను. అత్త నాలుగు వరుసలు అవతల లాగుతోంది. పొద్దంతా ఇద్దరం మాట్లాడుకున్నది నీళ్ల సీసా అందుకోమన్న మాట ఒక్కటే.

చేను వానాకాలం దాకా ఖాళీగానే ఉంది. మొదటి వాన పడ్డాక అత్త ఫోను చేసింది. ఈసారి మిరప కాదు, పత్తి పెడతానంది. ఏ కంపెనీ విత్తనం మంచిదో అడిగింది. పేరు చెప్పలేకపోయాను. ప్యాకెట్లు తెచ్చిస్తే పరీక్ష చేస్తానన్నాను. మొలకలు రావాలి, ఆకు రావాలి, ఎన్ని రోజులైతదని అడిగింది. మూడు వారాలన్నాను.

"అప్పటికి నేల పదును పోతది బిడ్డా" అంది.

తర్వాత నాన్న చెబితే తెలిసింది, పత్తి విత్తనం కూడా మిరప విత్తనం కొన్న ఆ షాపులోనే కొన్నదని. ఆ ఊరికి దగ్గర్లో ఇంకో షాపు లేదు.